కే పాసా, చైర్మన్ గారూ!

ఒక పెద్ద అడవిలో ఎవరినైనా "ఏంటి సంగతులు?" అని అడగడం మహా ప్రమాదం. అడిగిన జంతువు అక్కడే చతికిలబడి, చెప్పే జంతువు "అదీ సంగతి" అనేదాకా కదలకుండా వినాలి. మధ్యలో లేచిపోయినవాడికి ఆ అడవిలో పిల్లనివ్వరు, ఓటూ వెయ్యరు.

ఆ అడవి కౌన్సిల్‌కి ఎలుగుబంటి చైర్మన్. మనసు మంచిదే గానీ ఒళ్ళే వంగదు. ఒకసారి నోరుజారి ముళ్ళపందిని పలకరించి, ఆవిడ కోడలి గురించి పొద్దుగూకేదాకా విన్నాడు. అప్పట్నుంచీ ఎవరెదురొచ్చినా చెట్టుచాటుకు తప్పుకునేవాడు.

ఇంతలో ఎన్నికలు ముంచుకొచ్చాయి. "చైర్మన్‌కి కళ్ళు నెత్తికెక్కాయి, పలకరింపైనా లేదు" అని అడవంతా సణుగుడు. కుర్చీ పోతుందన్న బెంగతో ఎలుగుబంటికి తేనె కూడా సహించడం మానేసింది.

సలహాదారు నక్కని పిలిపించాడు. "అందర్నీ పలకరించాలి, ఎవరి జవాబూ వినకూడదు. దారి చూడవయ్యా!"

"ఉందండయ్యా," అంది నక్క. "విడిది బంగళాకి వచ్చే విదేశీయుల దగ్గర విన్నాను. 'కే పాసా!' అంటారు. స్పెయిన్ వాళ్ళ పలకరింపట. పాటల్లో అదే, సినిమాల్లో అదే, ఆఖరికి చొక్కాల మీదా అదే!"

"అర్థమేమిటో?"

"నాకూ తెలీదండి. తెలిస్తే కదా ఎవరైనా జవాబు చెప్పేది!"

ఎలుగుబంటి నక్కని కావలించుకున్నంత పని చేశాడు.

మర్నాటి నుంచీ కనబడిన ప్రతివాడికీ చెయ్యెత్తి "కే పాసా!" అనడం, చక్కా పోవడం. అడవికి పిచ్చెక్కిపోయింది. కీచురాళ్ళు దానిమీద పాట కట్టాయి, కోతులు ఆ పాటకి చిందులేశాయి. ఉడుత తన కాఫీ కొట్టు పేరు 'కే పాసా కాఫీ' అని మార్చేసింది. గుడ్లగూబ ఇంట్లో పెళ్ళి శుభలేఖ మీద దేవుడి పేరుకన్నా పైన అదే అచ్చయింది.

ఎన్నికల సభకి జనం విరగబడి వచ్చారు. వేదికెక్కి ఎలుగుబంటి "కే పాసా!" అని గర్జించాడు. "కే పాసా!" అని అడవి తిరిగి అరిచింది.

దేశాలన్నీ తిరిగి అప్పుడే దిగిన వలస కొంగ ఇదంతా చూసి తెల్లబోయింది. "అదేంటర్రా? ఆయన 'ఏంటి సంగతులు?' అని అడుగుతుంటే, మీరూ ఆయన్నే అడుగుతారేం? చెప్పండి మరి!"

"అయ్యో నా తండ్రే!" అంది ముసలి కుందేలమ్మ, కళ్ళొత్తుకుంటూ. "ఇన్నాళ్ళూ అడుగుతూనే ఉన్నావా? మేమే ఉలకలేదా? కూర్చో నాయనా, చెబుతాను."

ఎలుగుబంటి నక్క వైపు చూశాడు. "కూర్చోండయ్యా, లేస్తే ఓట్లు గల్లంతే," అని గొణిగింది నక్క.

చతికిలబడ్డాడు. "నీ స్నానానికని మడుగు కట్టించావు కదా బాబూ, మా వైపు వాగెండిపోయింది. పిల్లలు నాలుకలు బయటపెట్టి పడున్నారు," అంది కుందేలమ్మ. ఎలుగుబంటికి నిజంగానే సిగ్గేసింది. "రేపే గండి కొట్టిస్తానమ్మా," అన్నాడు.

"అదీ సంగతి!" అని కుందేలమ్మ టక్కున లేచింది.

పని చేసిపెడతానంటే కథ ఇంత తొందరగా ముగుస్తుందని చైర్మన్‌కి అప్పుడే తెలిసింది. వరసలో నిలబడ్డ ప్రతివాడికీ మాటిచ్చాడు. ఇచ్చిన మాట తప్పితే మళ్ళీ మొదట్నుంచీ వినాల్సొస్తుందన్న భయంతో పనులన్నీ చేయించాడు కూడా. ఓట్లన్నీ ఆయనకే పడ్డాయి.

గెలిచిన మర్నాడు హాయిగా నిద్రపోదామనుకుంటే, తెల్లారేసరికి గుహ ముందు అడవంతా బారులు తీరి ఉంది. అందరికన్నా ముందు ముళ్ళపంది, పక్కన కోడలు. "అడగండి చైర్మన్ గారూ, సిగ్గుపడకండి!"

నీతి: పదవి నిలవాలంటే నాయకుడు ప్రజల్ని తప్పక పలకరించాలి, నిద్ర కూడా నిలవాలంటే ఏమన్నాడో వాళ్ళకు అర్థం కాకుండా చూసుకోవాలి.