గోపాలకృష్ణయ్యగారింట్లో దిగులు లేదు

మనసనేది లేదని తేలిపోవటం సంసారాలకు ఎంత మేలు! నరసరావుపేటలో ఈ మేలు ముందుగా అందుకున్నది ఫిలాసఫీ లెక్చరర్ గోపాలకృష్ణయ్యగారి ఇల్లు.

ఎనభై ఆరు వేసవిలో ఆయన మద్రాసులో ఒక సెమినార్‌కు వెళ్లొచ్చాడు. భయం, దిగులు, ఇష్టం నిజంగా లేవనీ, ఉన్నవి మెదడూ నరాలేననీ, మిగతావన్నీ మాటల సౌకర్యానికి మనుషులు కల్పించుకున్న పేర్లనీ అక్కడ ఎవరో పేపర్ చదివారు. ఆయనకది బాగా పట్టింది. పట్టదా మరి! భార్య మాటల్లో సగానికి జవాబు చెప్పక్కర్లేని శాస్త్రం దొరికితే ఏ మొగుడు వదులుకుంటాడు?

కాలేజీలు తెరిచేసరికి గురజాలలో ఆయన భార్య అక్క ధనలక్ష్మికి కామెర్లు. ఒంటరి మనిషి.

"అక్క సంగతి తలుచుకుంటే దిగులుగా ఉందండీ. ఓసారి పోయొస్తా" అంది భార్య సుబ్బరత్నం.

"దిగులనేది లేదు రత్నం. నరాల్లో ఏదో కదిలితే దానికి నువ్వా పేరు పెట్టుకున్నావు" అన్నాడాయన, పేపర్లోంచి తలెత్తకుండా.

ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. చివరికామె అడగటం మానేసింది. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేం!

ఒక ఉదయం, అక్క మంచం దిగటం లేదని కబురొచ్చింది. సుబ్బరత్నం సంచిలో చీరలు సర్దుకుంది.

"నువ్వు పోవటం నాకిష్టం లేదు!"

"ఇష్టమనేదే లేదన్నారుగా. లేనిదాన్ని అడ్డం పెడతారేందండీ?" అని ఆమె బస్సెక్కింది.

సిద్ధాంతాన్ని ఇంత త్వరగా పట్టేసిన స్టూడెంట్ ఆయనకు కాలేజీలో ఎన్నడూ తగల్లేదు.

వారం తిరక్కుండానే ఆయన చిక్కిపోయాడు. కూర ఇవ్వటానికొచ్చిన పక్కింటి మాబున్నీసా ఆయన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏందన్నయ్యా, ఇట్టా అయిపోయావు? వదిన మీద బెంగ పెట్టుకున్నావా?"

"బెంగ కాదమ్మా. నరాలు."

సాయంత్రానికి లెక్చరర్‌గారికి నరాల జబ్బని వీధంతా తెలిసిపోయింది. ఒకరు తైలం తెచ్చారు. ఒకరు వేలూరు ఆసుపత్రి పేరు చెప్పారు. రిటైరైన హెడ్మాస్టరొకాయన ఆయన చెయ్యి పట్టుకుని వణుకుతుందేమో చూసి, "చానా చిన్న వయసు" అని కళ్లు తుడుచుకున్నాడు.

జబ్బు లేదందామంటే మిగిలేది బెంగే! మర్నాడాయన గురజాల బస్సెక్కాడు.

ధనలక్ష్మి కాస్త తేరుకుని, మంచం మీద కూర్చుని గంజి తాగుతోంది. సుబ్బరత్నం భర్తను ఎగాదిగా చూసింది.

"ఎందుకొచ్చారు?"

"అన్నం సయించటం లేదు. క్లాసులో చెప్పేది మధ్యలో మర్చిపోతున్నా. ఇంటి తాళం తియ్యబుద్ధి కావటం లేదు."

"నరాలేమో."

"కాదు, దిగులు. నిజంగానే ఉంది రత్నం."

ఆమె నవ్వలేదు. "మీకొస్తే ఉందన్నమాట. మరి నాకొచ్చినప్పుడు?"

మద్రాసులో ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. ఆయన అరుగు మీద కూలబడ్డాడు.

"చెప్పు. వింటా."

సుబ్బరత్నం అక్క కామెర్లతో మొదలుపెట్టింది. ఉన్నట్టుండి, తను కాపురానికొచ్చిన ఏడాదికి వెళ్లి, అక్కణ్ణుంచి వరసగా చెప్పుకొచ్చింది. పేటకు పోయే ఆఖరి బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది. ఆయన లేవలేదు. ఆమె ఇంకా రెండో ఏడాదిలోనే ఉంది.