కారని బండి

తెనాలి నుంచి బాపట్లకు పొన్నూరు మీదుగా నేరుగా పోతే సరిపోయేది. కెమిస్ట్రీ లెక్చరర్ వరప్రసాదం ఆ ఉదయం పనిగట్టుకుని రేపల్లె దారి పట్టాడు. ఆయన చేసిన తప్పు అదొక్కటే. మిగతావన్నీ దాని పిల్లలు.

పాత స్కూటర్లోంచి పెట్రోలు ఇంజను పీకేసి, హైడ్రోజన్‌తో నడిపించడానికి ఆయనా, ఆయన శిష్యురాలు రుక్సారూ చాలాకాలం కుస్తీ పట్టారు. సీటు కింద చిన్న సిలిండరు. అందులోని హైడ్రోజన్ గాలితో కలిసి కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటుతో చక్రం తిరుగుతుంది. పొగ ఉండదు, చప్పుడు ఉండదు. వెనక సన్నటి గొట్టంలోంచి నీళ్ళ చుక్కలు మాత్రం పడతాయి. ఆలోచనా, పనిలో ముప్పాతిక వంతూ ఆ అమ్మాయివే. ఆ రోజు బాపట్ల కాలేజీకి హైదరాబాదు నుంచి ఒక పరిశోధన సంస్థవాళ్ళు వస్తున్నారు. వాళ్ళ ముందు బండి మైదానం చుట్టూ ఒక్కసారి తిరిగితే చాలు, రుక్సార్‌ను తీసుకెళ్ళి పై చదువు చెప్పిస్తారు. బట్టలు కుట్టే వాళ్ళ నాన్న యాకూబ్‌కు అంత చదువు చెప్పించే తాహతు లేదు.

"ఎక్కడా ఆగకుండా వచ్చేయండి సార్. వాళ్ళు పదకొండుకల్లా వెళ్ళిపోతారంట," అని ఫోన్లో చెప్పింది రుక్సార్.

"నేనేమన్నా చిన్నపిల్లాడినా అమ్మా," అన్నాడు వరప్రసాదం.

చిన్నపిల్లాడే నయం. రేపల్లెలో ట్రాక్టర్ల షెడ్డు నడిపే బావమరిది కోటిబాబు, "మా బావ కనిపెట్టినవి బల్లమీద తప్ప నేలమీద నడవవు" అని ప్రతి పెళ్ళిలోనూ పదిమంది ముందూ అంటుంటాడు. ఆ నోరు మూయించాలని వరప్రసాదానికి ఎప్పటినుంచో దుగ్ధ.

వేమూరు దాటకముందే ఒక పెద్దాయన మోటారుసైకిల్ మీద పక్కకొచ్చి, "మాస్టారూ, మీ బండి కారుతోందండి," అన్నాడు. స్టాండు తీయకపోయినా, చీర కొంగు చక్రం దగ్గర వేలాడినా వెంటపడి చెబితేగాని అన్నం సహించని జనం మనవాళ్ళు. వరప్రసాదం ఆగి, అది లీకు కాదనీ, అలా కారడమే దాని గొప్పతనమనీ విడమరిచి చెప్పాడు. పెద్దాయన అంతా విని, "ఎందుకైనా మంచిది, ఓసారి చూపించుకోండి," అని సలహా ఇచ్చి వెళ్ళాడు. భట్టిప్రోలులో పాలావిడ చెప్పింది. స్కూలు బస్సు డ్రైవరు హారన్ కొట్టి మరీ చెప్పాడు. మొదట్లో అందరికీ పాఠం చెప్పిన వరప్రసాదం, చివరికి "తెలుసు, తెలుసు," అని చెయ్యి ఊపుతూ రేపల్లె చేరాడు.

కోటిబాబు షెడ్డులోంచి వచ్చి బండి చుట్టూ తిరిగాడు.

"చప్పుడేది బావా?"

"ఉండదు."

"పొగ?"

"రాదు."

"అయితే నడుస్తోందన్నమాట," అన్నాడు కోటిబాబు. అందులో వేళాకోళం లేదు.

అప్పుడే బయల్దేరినా వరప్రసాదం బతికిపోయేవాడు. కానీ టీ వచ్చింది, జనం చేరారు. పెట్రోలుకు కాలం చెల్లిందని ఆయన ఉపన్యాసం మొదలుపెట్టాడు. కాలేజీలో ఏనాడూ ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళు లేరు మరి.

ఈలోగా కోటిబాబుకు గొట్టం కంటబడింది. పెద్దవాళ్ళ ముందుకు పోయే బండి, చుక్కచుక్కా కారుతోంది. ఇన్నాళ్ళూ బావను ఆడిపోసుకున్నందుకు అతనికి నిజంగానే మనసు చివుక్కుమంది. ఒక్క మంచిపనైనా చేద్దామని లీకులకు పెట్టే ఎంసీల్ ముద్ద పిసికి గొట్టం మూతి గట్టిగా పూడ్చేశాడు. చేసిన మేలు చెప్పుకోకూడదని ఎవరికీ చెప్పలేదు.

అక్కణ్ణుంచి దారిలో ఒక్కరూ వరప్రసాదాన్ని ఆపలేదు. జనంలో చైతన్యం వచ్చిందని మురిసిపోయాడు. చెరుకుపల్లి దాటాక బండి నెమ్మదించి, పూర్తిగా ఆగిపోయింది. చేతనైనవన్నీ చేసి చూశాడు. ఆఖరికి సిగ్గు విడిచి కోటిబాబుకే ఫోన్ చేశాడు. అతను పాపం ట్రాలీ ఆటో వేసుకుని పరుగున వచ్చాడు.

బాపట్ల చేరేసరికి హైదరాబాదువాళ్ళు కారెక్కబోతున్నారు. రుక్సార్ బతిమాలి ఆపింది. బండి కదల్లేదు. వాళ్ళలో ఒకాయన వంగి చూసి, "నీళ్ళు వస్తాయన్నారు. ఎక్కడండీ?" అని అడిగాడు.

"వచ్చేవండి. నేనే ఆపాను. ఇక చుక్క రాదు," అన్నాడు కోటిబాబు, బావ పరువు నిలిపిన తృప్తితో.

రుక్సార్ కళ్ళు మూసుకుంది. పోవలసిన నీళ్ళు లోపలే నిండి యంత్రానికి ఊపిరాడలేదని ఆ అమ్మాయికి అర్థమైంది. సరిచేయడానికి గంట పడుతుందని చెప్పింది. వాళ్ళకు అంత తీరిక లేదు. మర్యాదగా నవ్వి కారెక్కారు.

"తప్పు నాదమ్మా. నేరుగా రమ్మంటే వినలేదు," అన్నాడు వరప్రసాదం.

"ఎండన పడి వచ్చారు సార్. ముందు మంచినీళ్ళు తాగండి," అంది రుక్సార్.

ఆ పిల్ల నాలుగు మాటలు అనేస్తే ఆయనకు కాస్త తేలికపడేది. అనలేదు. ఆయన నీళ్ళు తాగుతూ, తన గొప్ప కోసం ఆ పిల్ల చదువును రేపల్లెలో వదిలేసి వచ్చానని కుమిలిపోయాడు.

సంగతి అర్థమైన కోటిబాబు స్క్రూడ్రైవరుతో ముద్దంతా గీకి తీశాడు. నీళ్ళన్నీ బయటికి పోయి, లోపల ఆరేదాకా ముగ్గురూ చెట్టునీడన కూర్చున్నారు. మధ్యాహ్నానికి చక్రం తిరిగింది. రుక్సార్ ఎక్కి, ఖాళీ మైదానం చుట్టూ ఒక్క చుట్టు తిరిగి వచ్చింది. పొగ లేదు, చప్పుడు లేదు. కోటిబాబు తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

గేటు మూయడానికి వచ్చిన వాచ్‌మన్ చివరిదాకా నిలబడి చూశాడు.

"ఇంత బాగా నడిచే బండిని ట్రాలీలో ఎందుకు తెచ్చారండి?" అన్నాడు.