కారు పొట్టలో బీరువా వీపు

అడిగారు కాబట్టి చెప్తున్నాను. కానీ టిఫిన్ డబ్బాలు పక్కన పెట్టి వినండి, పొలమారితే నా పూచీ లేదు.

కారు మా మామగారిది. వయసులో నాకంటే పెద్దది. మా ఆవిడ చిన్నప్పుడు దాని వెనక సీట్లో నిద్రపోయేదట, పెద్దయ్యాక నడపడం నేర్చుకున్నదీ దాని మీదేనట. తర్వాత మామగారి చూపు మందగించింది, కారు షెడ్డులో పడింది, తుప్పు దాన్ని తీరిగ్గా తింటూ కూర్చుంది. చివరికి ఆయన పాత ఇనుము కొనేవాడికి కబురు పెట్టారు. ఆ మనిషికి మేం పెట్టుకున్న పేరు తూకాల రాయుడు. ఏ వస్తువు చూపించినా ఎలా ఉందని చూడడు, ఎంత బరువుందని అడుగుతాడు.

ఆ కబురు విన్న పూట మా ఆవిడ భోజనం చెయ్యలేదు. నేను చూడలేకపోయాను. చూడలేని మొగుడు ఊరుకోవచ్చుగా, ఫోను తీశాను.

"మామయ్యగారూ, కారు నేను బాగుచేస్తాను."

"నువ్వా?" అన్నారు.

"నేనే."

"సరే అల్లుడూ, తీసుకుపో. నెలాఖరు ఆదివారం వస్తాను. నువ్వు బాగుచేసి, నన్ను ఎక్కించుకుని వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చావంటే తాళం నీది. లేదంటే సోమవారం తూకాల రాయుడు లారీ తెస్తాడు."

తాడు కట్టి లాక్కొచ్చాం. ఇంజను పక్కవీధి మెకానిక్ చూశాడు. "గుండె గట్టిదే సార్, ఒళ్ళే లేదు," అన్నాడు. నిజమే. సీట్లో కూర్చుంటే కాళ్ళ మధ్య రోడ్డు కనిపిస్తోంది. మా ఆవిడ దానికి జల్లెడ అని పేరు పెట్టింది.

"ఆ రేకుపని కూడా అతనికే ఇవ్వండి," అంది.

"ఎందుకూ, నాకు చేతులు లేవా?"

"ఉన్నాయి. అవి ఉండాలనే చెప్తున్నాను."

పట్టుదల వచ్చింది. వెల్డింగ్ మిషను కొనేశాను. సోమవారం నా చేత్తో చేసిన కారు నేనే నడుపుకుంటూ ఆఫీసుకొస్తానని మీ అందరి ముందూ కోసిన కోతలు కూడా అప్పటివే.

మొదటి పాఠం పెరట్లో. ఇనప స్టూలు మీద రెండు ఇనప పట్టీలు పెట్టి అతకబోయాను. పొగ తగ్గాక చూస్తే పట్టీలు రెండూ ఒకదానికొకటి అంటుకోలేదు, స్టూలుకి మాత్రం కొమ్ముల్లా అంటుకుపోయాయి. మా ఆవిడ వచ్చి చూసి, వంటింట్లోంచి తడిగుడ్డ తెచ్చి ఓ కొమ్మున ఆరేసింది.

"ఎన్నాళ్ళనుంచో దీనికి చోటు లేదండీ," అని లోపలికి వెళ్ళిపోయింది.

రెండో పాఠం కారు మీదే. అడుగు రేకులో బఠాణీగింజంత చిల్లు ఉంది. రాడ్డు ఆనించాను. బఠాణీ కాస్తా పళ్ళెం అయింది. పాత రేకు కాగితంలా పలచబడి ఉంటుందనీ, కరెంటు ఎక్కువ పెడితే అతకదు, కరిగిపోతుందనీ తర్వాత తెలిసింది. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో ఆ రోజు అర్థమైంది.

"చిల్లు పూడిందా?" మా ఆవిడ వంగి చూసింది.

"చుట్టూ శుభ్రం చేశాను."

"పిల్లి దూరుతుందండీ."

ఆ మాట అంటుండగానే కిందనుంచి పక్కింటి పిల్లి లోపలికొచ్చి సీటెక్కి కూర్చుంది.

అతుకు వెయ్యాలంటే రేకు కావాలి. దుకాణంలో మంచమంత రేకు తప్ప ముక్కలుగా అమ్మం అన్నారు. దిగాలుగా పడకగదిలో కూర్చుంటే ఎదురుగా బీరువా కనిపించింది. ఆకుపచ్చ ఇనప బీరువా, మేం కాపురం పెట్టినప్పుడు మామగారు కూతురికి ఇచ్చింది. దాన్ని తీసేసి గోడకి చెక్క అలమర చేయిద్దామని మా ఆవిడ ఏళ్ళుగా పోరుతోంది. 'ఈ బీరువా మన మనవల దాకా వస్తుంది' అని నేను ఆ మాట ఎప్పటికప్పుడు తుంచేస్తున్నాను.

వెనక్కి వెళ్ళి వేలితో నొక్కి చూశాను. అచ్చం కారు రేకు మందమే. బీరువాకి ముఖం ముఖ్యం గానీ వీపు ఎవరు చూస్తారు? గోడ చూస్తుంది. గోడ ఎవరికీ చెప్పదు.

మా ఆవిడ తను పనిచేసే మందుల దుకాణానికి వెళ్ళగానే బీరువాని కాస్త ముందుకు లాగి, రేకు కత్తెరతో పుస్తకమంత ముక్క కోశాను. అది మాడిపోయింది. ఇంకోటి కోశాను. అది వంకర పోయింది. ఇంకోటి, మరోటి. ఉన్నమాట చెప్పాలి, నెమ్మదిగా చెయ్యి కుదిరింది. కరెంటు తగ్గించి, చుక్కచుక్కగా ఆనిస్తూ పోతే రేకూ రేకూ కలిసి కుట్టుమిషను కుట్టులా వరస వచ్చింది. నల్లద్దం ముసుగు తీసి చూసుకుంటే నాకే ముద్దొచ్చింది.

మా ఆవిడ ఆ కుట్టు మీద వేలు రాసి చూసింది.

"మీరే చేశారా?"

"నేనే."

"చాలా బాగుందండీ," అంది, మనస్ఫూర్తిగా. తర్వాత అడిగింది. "రేకెక్కడిది?"

"స్నేహితుడిచ్చాడు."

"మంచి స్నేహితుడు. ఆకుపచ్చంటే ఇష్టమనుకుంటా."

అక్కడితో మానెయ్యాల్సింది. కానీ పొగడ్త పాడుది, ఆగనివ్వదు. అడుగు అయింది, తలుపుల అంచులయ్యాయి, డిక్కీ అయింది. కారుకి ఒళ్ళొచ్చేసరికి బీరువాకి వీపు లేదు. లోపల అట్టపెట్టె చింపి, ఆకుపచ్చ రంగు పూసి నిలబెట్టాను. బీరువా ఊగుతుంటే కాళ్ళ కింద చెక్కముక్కలు దోపి గోడకి ఆనించాను. పైన పటారం, లోన లొటారం.

ఆదివారం మామగారు వచ్చారు. దేన్నయినా వేలి కణుపులతో కొట్టి వింటేగాని నమ్మని మనిషి. మొదటిసారి నన్ను చూసినప్పుడు నా భుజం మీదా కొట్టారు, ఎలా మోగిందో ఇప్పటికీ చెప్పలేదు. కారు చుట్టూ తిరిగి తలుపు కొట్టారు, అడుగు కొట్టారు, డిక్కీ కొట్టారు. "ఊఁ," అన్నారు. ఎక్కారు.

స్టార్ట్ చేశాను. జల్లెడ దగ్గింది, తుమ్మింది, కదిలింది. వీధి చివరిదాకా వెళ్ళి, తిరిగొచ్చి, గేటు ముందు ఆగింది. ఒక్క అతుకు ఊడలేదు. మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మా ఆవిడ బానెట్ మీద చెంప ఆనించి నిలబడింది. నాకు ఏడుపొచ్చినంత ఆనందమేసింది. మామగారు కారులోంచి తాళం తీసి చేతిలో పట్టుకున్నారు, నేను చెయ్యి చాపాను.

"తాళం తర్వాత నాన్నా," అంది మా ఆవిడ. "ఇద్దరూ ఉన్నారుగా, ముందా బీరువా పక్కగదిలోకి జరపండి."

నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. "ఇప్పుడెందుకు?"

"మన పడకగదిలో నాన్న పడుకుంటారు. చోటు చాలదు."

"మామయ్యగారికి హాల్లో గాలి బాగా వస్తుంది."

"నాన్నని హాల్లో పడుకోబెడతారా?"

"పోనీ నేను పడుకుంటాను. అసలే నడుం నొప్పి."

"నెలంతా కారు కింద పాకినప్పుడు లేని నడుం ఇప్పుడెక్కడిదండీ?"

ఈలోగా మామగారు లోపలికి వెళ్ళి, "ఇదెంతలే," అని భుజం ఆనించనే ఆనించారు.

పెట్టెకి బలమంతా వీపులోనే ఉంటుందని నేనప్పుడు తెలుసుకున్నాను. బీరువా తిన్నగా జరగలేదు. తాగినవాడిలా పక్కకి వాలింది. తలుపులు తెరుచుకున్నాయి, అట్ట ఎగిరిపడింది, బట్టలన్నీ వెనకనుంచి జారాయి. నా పంట్లాం ఒకటి మామగారి మెడలో దండలా పడింది. ఆయన దాన్ని తియ్యకుండానే బీరువాలోంచి గోడకేసి చూశారు.

"అల్లుడూ, దీని వెనక రేకేది?"

"చెదపట్టి ఉంటుంది మామయ్యగారూ."

"ఇనప బీరువాకా?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అప్పుడు గమనించాను, కింద పడ్డవన్నీ నా బట్టలే.

"నీవేవీ?" అన్నాను.

"మొదటి ముక్క కోసిన సాయంత్రమే పెట్టెలో సర్దుకున్నాను," అంది మా ఆవిడ తాపీగా. "తలుపు తీస్తే లోపల గోడ కనిపించింది."

"తెలిసీ ఊరుకున్నావా?"

"మనవల దాకా వస్తుందన్నారుగా. మీ చేత్తో మీరే పోగొడితే తప్ప నాకు అలమర రాదు."

గుమ్మంలో ఎవరో దగ్గారు. వడ్రంగి, చంకలో చెక్కలతో. మా వీధిలో అందరూ అతన్ని చిత్రిక బావ అంటారు.

"కొలతలెప్పుడు తీశావయ్యా?" అన్నాను.

"మీరు కారు కింద ఉన్నప్పుడే సార్. మీ కాళ్ళు దాటుకునే లోపలికెళ్ళాను."

ఇక మిగిలింది తాళం. "సరే, కారైతే నడిచిందిగా మామయ్యగారూ," అని మళ్ళీ చెయ్యి చాపాను. ఆయన తాళం తీసి కూతురి చేతిలో పెట్టారు.

"అదేమిటండీ, నాకు మాటిచ్చారు."

"నువ్వు బాగుచేస్తే నీదన్నాను. నువ్వూ, మా అమ్మాయి బీరువా కలిసి బాగుచేశారు."

"కష్టం నాది కదా?"

"కాదన్నానా? అందుకే వెనక సీటు నీకు."

ఆవిడ ఎక్కింది, పక్కన ఆయన, వెనక నేను. వీధులన్నీ తిప్పింది. మలుపు దగ్గర పెద్ద గుంత వచ్చింది, కారు ఎగిరి పడింది, ఏమీ కాలేదు. "చూశారా నాన్నా, ఈ అతుకులన్నీ మా ఆయనవే," అంది. పైకి ముఖం మాడ్చుకున్నాను గానీ లోపల పొంగిపోయాను, మీకు అబద్ధం చెప్పడం దేనికి.

పొద్దున గేటు దగ్గర నేను వెనక సీట్లోంచి దిగడం చూసి మీరంతా కిసుక్కుమన్నారు. అన్నీ విన్నారుగా, ఇప్పుడు హాయిగా నవ్వండి. సాయంత్రం మా ఆవిడ కారుతో మళ్ళీ వస్తుంది. మీలో ఎవరికైనా కారెక్కాలనుంటే ఇప్పుడే చెప్పండి, నేను ఫోన్ చేసి ఆవిణ్ణి అడగాలి.