మేనమామ రాసిన మేనకోడలి రాజీనామా

ఆ బుధవారం ఉదయం మేనకోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. విశ్వవిద్యాలయం కంప్యూటర్ ల్యాబుకు వెళ్ళి ఆఖరి పట్టిక ప్రింటు తీసుకోవడం, పదకొండింటికి మౌఖిక పరీక్షలో జవాబులు చెప్పడం, డాక్టరేటు ఖాయం చేసుకుని ఇంటికొచ్చి పడుకోవడం. నాలుగేళ్ళుగా కంటినిండా నిద్ర ఎరగని పిల్ల, మనసంతా ఆ పడుకోవడం మీదే ఉంది. పరీక్ష చేయడానికి పై ఊరినుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ఆవిడ తిరుగు రైలు రెండింటికి. ఆ రైలు ఎక్కేసిందంటే మళ్ళీ ఆవిడ దొరికేది ఆరు నెలలకే.

ల్యాబు అధికారి ఎవరో కాదు, ఆ పిల్లకు స్వయానా మేనమామ. పదిమంది వాడుకునే కంప్యూటర్లను ఎలా వాడాలో ఆయన ముప్పై ఒక్క నిబంధనలు రాసి గోడకు అంటించాడు. పక్షపాతం అంటారేమోనని మేనకోడలి మీద ఒక్కొక్కటీ రెండేసి సార్లు అమలు చేసేవాడు. ల్యాబులో మావయ్యా అని పిలిస్తే చెవుడు తెచ్చుకునేవాడు.

ఆయనకో పద్ధతి ఉంది. ఎవరైనా తెరకు తాళం వేయకుండా కుర్చీలోంచి లేచారా, ఆయన వెళ్ళి ఆ కుర్చీలో కూర్చునేవాడు. వాళ్ళ మెయిల్లోంచే, వాళ్ళే రాసినట్టుగా, తనకు తానే ఒక క్షమాపణ పంపించుకునేవాడు. దాన్ని ప్రింటు తీసి గోడకు అంటించేవాడు. అప్పటికి పదిహేడు అయ్యాయి. పదిహేడు మంది పదిహేడు తీరుల మనుషులు, ఏడుపు మాత్రం అందరిదీ ఒకటే తీరు.

ప్రింటరు పక్కగదిలో ఉంటుంది. మేనకోడలు బటను నొక్కి, కాగితం తెచ్చుకోవడానికి పరుగెత్తింది. తాళం సంగతి మరిచిపోయింది. కాగితం కాస్తా యంత్రంలో ఇరుక్కుంది. దాన్ని లాగేసరికి పావుగంట పట్టింది.

మేనమామకు ఆ పావుగంట పండగైంది. వెతకబోయిన తీగ కాలికి తగిలింది, అదీ సొంతింటి తీగ. మామూలు క్షమాపణతో సరిపెడితే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? అందుకని రెండు వేళ్ళతో, మనసు పెట్టి టైపు చేశాడు: "అయ్యా, నేను బాధ్యత తెలియని దాన్ని. నాలాంటి దానికి డాక్టరేటు ఎందుకు? ఇక ఈ చదువు నావల్ల కాదు. నేటితో అన్నీ వదిలేస్తున్నాను." అడ్రసుల జాబితాలో ల్యాబు అధికారిని అందరికన్నా పైన పెట్టుకోవాలన్నది తొమ్మిదో నిబంధన. అందుచేత ఆయన చూడకుండానే పై వరుస నొక్కి, పంపించి, టీకి వెళ్ళిపోయాడు.

మేనకోడలి జాబితాలో పై వరుసలో ఉన్నది ఆమె గైడు ప్రొఫెసరు. మేనమామ టీకొట్టతనికీ కిందన ఉన్నాడు.

ఆ ప్రొఫెసరు మనసు వెన్న. తాను గట్టిగా తుమ్మితే ఎవరు బెదిరారోనని చుట్టూ చూసుకునే రకం. కలిసి వాడుకునే కంప్యూటర్లకు బయటి దొంగలకన్నా తాళాలు చేతిలో ఉన్నవాళ్ళవల్లే ముప్పు ఎక్కువని తేల్చింది ఆ పిల్ల పరిశోధన. మాట బాగుంది గానీ కళ్ళకు కట్టే ఉదాహరణ ఒక్కటీ లేదే అని ఆయన ముందురోజే కాస్త కోప్పడ్డాడు. ఇప్పుడీ ఉత్తరం చూసి, పిల్ల గుండె పగలగొట్టాననుకున్నాడు. పరీక్ష రద్దని తలుపుకు కాగితం అంటించి, ఆ పిల్ల ఇంటికి ఫోను చేశాడు. ఎత్తింది అమ్మమ్మ, అంటే మేనమామ తల్లి. మీ మనవరాలు అన్నీ వదిలేస్తున్నానని రాసిందమ్మా అని ఆయన చెప్తే, ఆవిడ ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి అల్లుడి చెప్పు వేసుకుని టాక్సీ ఎక్కింది.

మేనకోడలు పట్టిక పట్టుకుని వచ్చి, తలుపు మీది కాగితం చూసి నిలువునా నీరైపోయింది. ప్రొఫెసరు ఆమెను కూర్చోబెట్టి, జ్వరం వచ్చినవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"నేను రాయలేదు సార్."

"అలాగేనమ్మా, నువ్వు రాయలేదు. ముందు ఈ మంచినీళ్ళు తాగు."

ఎన్నిసార్లు చెప్పినా మంచినీళ్ళే ఇస్తున్నాడు. మూడు గ్లాసులయ్యాక ఆమె ల్యాబుకు పరుగెత్తి, ఎవరో నా పేరుతో ప్రొఫెసరు గారికి రాజీనామా పంపారని మేనమామతో మొరపెట్టుకుంది. తాను రాసింది తనకే చేరిందని ఆయన ధీమా. కాబట్టి ఇది వేరే ఉత్తరం, వేరే దొంగ. ఉత్తరం చూడనైనా చూడకుండా ఇరవై రెండో నిబంధన ప్రకారం విశ్వవిద్యాలయం మొత్తానికి కంప్యూటర్లు మూసేశాడు. మార్కుల విభాగం మూతపడింది, గ్రంథాలయం మూగబోయింది, జీతాల గుమాస్తా లెక్క మధ్యలో చేతులెత్తేశాడు. అందరూ ల్యాబుకొచ్చి పడ్డారు. వాళ్ళ వెనకే మంచినీళ్ళ సీసాతో ప్రొఫెసరు, సంచీ భుజాన వేసుకుని పరీక్ష చేసే పెద్దావిడ, ఆవిడ వెనకే జోడు కుదరని చెప్పులతో అమ్మమ్మ.

ఒంటిగంట కావస్తోంది. మేనమామ గొంతు సవరించుకుని, ఇంత నీచమైన పని చేసినవాడు మనలో ఉండడని, గదిలోని కెమెరా వాణ్ణి పట్టిస్తుందని చెప్పి, తాను మూయకుండా ఉంచుకున్న ఒక్క తెరమీద తానే ఆ బొమ్మ వేశాడు.

తెరమీద ఒక మనిషి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. కుర్చీలో సర్దుకు కూర్చుని, వేళ్ళు విరుచుకుని, ముసిముసిగా నవ్వుతూ టైపు చేశాడు.

"ఒరే, అది నువ్వే కదరా?" అంది అమ్మమ్మ.

"ఆ చొక్కా చాలామందికి ఉంటుందమ్మా."

"చొక్కా సంగతి నాకు తెలీదు. రాసేటప్పుడు నాలుక బయటపెట్టేది మనింట్లో నువ్వొక్కడివే."

మేనమామ అప్పుడు ప్రొఫెసరు చేతిలోని ఫోనందుకుని ఉత్తరం చదివాడు. తన వాక్యాలు తనకు తెలియకపోవు. క్రమశిక్షణ నేర్పుదామని, అంతే, అని ఏదో గొణిగాడు. ప్రొఫెసరు మిగిలిన మంచినీళ్ళు ఆయనకిచ్చాడు.

పెద్దావిడ గడియారం చూసుకుంది. రైలుకు గంట ఉంది. కుర్చీ లాక్కుని అక్కడే కూర్చుని, పరీక్ష మొదలుపెడదాం అంది.

"తాళాలు చేతిలో ఉన్నవాళ్ళే ముప్పు అన్నావు. ఏదీ, ఒక్క ఉదాహరణ చెప్పమ్మా."

మేనకోడలు మేనమామ వైపు చూడలేదు. "ఆ బొమ్మ ఇంకోసారి వెయ్యమంటారా మేడమ్?" అంది.

పెద్దావిడ రెండోసారి అడగలేదు. మిగతా ప్రశ్నలు అరగంటలో అయిపోయాయి. కంప్యూటర్లు ఇంకా తెరుచుకోలేదు కనుక డాక్టరేటు ఇవ్వవచ్చని తెల్లకాగితం మీద రాసి, సంతకం పెట్టి, అమ్మమ్మ వచ్చిన టాక్సీలోనే స్టేషనుకు వెళ్ళింది. ఇంతకీ నాలుగేళ్ళు ఏం కనిపెట్టావే అని అమ్మమ్మ అడిగితే మేనకోడలు ఓపిగ్గా వివరించింది.

"దీనికి నాలుగేళ్ళా? కంచే చేను మేస్తుందని మా అమ్మ ఒక్క ముక్కలో చెప్పేది."

ఇంకొకరి మెయిల్ వాడినవాళ్ళు ఆరు నెలలు ల్యాబు గడప తొక్కకూడదన్నది ముప్పై ఒకటో నిబంధన. ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టే అధికారం మేనమామ ఒక్కడిదే. ఆయన పెట్టాడు. మేనకోడలి సిద్ధాంత గ్రంథం అచ్చయి వచ్చాక, కృతజ్ఞతల పేజీ నాలుగుసార్లు తిరగేసినా ఆయనకు తన ఊసు కనిపించలేదు. అది ఆధారాల పేజీలో ఉంది.