తాడు బాగుంది, దిద్దుబాటు సెక్రటరీగారిది

అబద్ధాలాడేవాళ్లకు కంప్యూటర్ చేసినంత మేలు ఇంకెవరూ చేయలేదు! కాదనేవారు మా అపార్టుమెంటు సంగతి వినండి.

పాతకాలంలో రాతలు మార్చేవాడి బతుకు తలచుకుంటే నాకు జాలేస్తుంది. బ్లేడుతో గీకాలి, అదే రంగు సిరా వెతకాలి, అడుగుల చప్పుడైతే ఉలిక్కిపడాలి. పట్టుబడితే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఆ సిగ్గునుంచి మా సెక్రటరీగారిని విముక్తుణ్ణి చేసిన మహానుభావురాలి పేరు వెర్షన్ కంట్రోల్.

ఏమిటది అంటారా? ఫైల్లో ఒక్క అక్షరం కదిలినా, ఎవరు కదిపారో, ఎప్పుడు కదిపారో తారీఖు, టైముతో సహా దానంతటదే ముద్ర కొట్టేస్తుంది. పాత మాట పోదు. చెరిపేస్తే, చెరిపేసిన సంగతి కూడా రాసిపెట్టుకుంటుంది.

"ఇక మన దగ్గర గోల్‌మాల్ అన్న మాటే ఉండదండీ!" అని, దాన్ని పెట్టించిన రోజు సెక్రటరీగారు మైకు పట్టుకుని ప్రకటించారు. అరచేతులు మండేలా చప్పట్లు కొట్టాం.

కొన్నాళ్లకు లిఫ్టు మెకానిక్ వచ్చి, పైకెక్కి చూసి, "తాడు పోగులు తెగుతున్నాయి. మార్చేదాకా లిఫ్టు ఆపాలి" అని ఫైల్లో రాశాడు. ఆ మధ్యాహ్నమే సెక్రటరీగారు తమ పాస్‌వర్డ్‌తో ఫైలు తెరిచి, "తాడు బాగుంది" అని దిద్దారు. ముద్ర ఠంచనుగా పడింది.

ఆ వారంలోనే మా పిన్ని కూరగాయల సంచీతో లిఫ్టెక్కింది. అది రెండో అంతస్తు దాటి, జర్రున జారి, కింద ధబ్బున ఆగింది. తలుపులు వంచి బయటికి తీస్తే, కాలు విరిగి ఉంది. నలుగురిని నోటితోనే గడగడలాడించే మనిషి, ఆస్పత్రి దాకా నా చెయ్యి వదలకుండా చిన్నపిల్లలా వణికింది.

మీటింగు పెట్టారు. ఫైలును గోడమీద పెద్దగా వేసి చూపించారు. ఆహా, ఏం స్పష్టత! మెకానిక్ మాట, దానికింద దిద్దుబాటు, పక్కన పేరు, టైము. ఇక డిటెక్టివులెందుకు? పోలీసులెందుకు?

సెక్రటరీగారు నీళ్లు నమిలారనుకుంటున్నారా? ఎంత అమాయకులండీ మీరు!

"నేనేమైనా దాచానా? దొంగచాటుగా మార్చానా? పట్టపగలు, నా పేరుతోనే మార్చాను. ఇంతకన్నా పారదర్శకత ఏం కావాలి మీకు?" అన్నారు.

"అది కాదయ్యా, తెగుతోందని తెలిసి కూడా నన్ను ఎక్కనిచ్చావు కదా!" అంది పిన్ని, కట్టు కట్టిన కాలు కుర్చీమీద చాపుకుని.

"తాడు సంగతి వేరే ఎజెండా అమ్మా. ఇవాళ్టి చర్చ రికార్డు గురించి."

రికార్డు చెక్కుచెదరలేదని తీర్మానించారు. ఇంత గొప్ప సాఫ్ట్‌వేర్ తెప్పించినందుకు సెక్రటరీగారికి అభినందనలు! దిద్దాల్సిన అవసరం వచ్చేలా రాసినందుకు మెకానిక్‌కు మందలింపు! వద్దని లేచిన చేతులు రెండే. ఒకటి నాది, ఒకటి పిన్నిది.

తలుపులు సాపుచేసి, లోపల కొత్త అద్దం బిగించి, లిఫ్టును మళ్లీ తిప్పడం మొదలుపెట్టారు. మెకానిక్ మళ్లీ తనిఖీకి వచ్చాడు. ఈసారి బుద్ధిమంతుడయ్యాడు. మొదటే "తాడు బాగుంది" అని రాసేశాడు. సెక్రటరీగారు వేలు పెట్టే పనే పడలేదు. ఫైల్లో ఒక్క దిద్దుబాటు లేదు, ఒక్క మచ్చ లేదు. మోసాన్ని అరికట్టడమంటే ఇదీ!

చంకకర్ర మీద నిలబడ్డ పిన్ని అతన్ని లిఫ్టు దగ్గర ఆపింది.

"నిజం చెప్పు నాయనా, తాడు బాగుందా?"

అతను అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"రికార్డులో బాగుందమ్మా. మీరు మాత్రం మెట్లే వాడండి."

అని, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, తానూ మెట్లమీదుగానే దిగిపోయాడు.