ఆదివారం నడిచిన బడి బస్సు

జనగామలో ఆ ఆదివారం సుజాత అనుకున్న పని ఒక్కటే, కొడుకు హరీశ్ లేచేలోగా పూరీ పిండి కలపడం. హరీశ్ ఓ ప్రైవేటు బడికి వెబ్‌సైటు చేశాడు. పిల్లలు బస్సెక్కగానే ఆయమ్మ బటన్ నొక్కితే తల్లిదండ్రులకు మెసేజ్ పోతుంది. అది సవ్యంగా నడిస్తే మహబూబాబాద్‌లోని తమ ఇంకో బడి పని కూడా నీదేనన్నాడు మేనేజరు జగపతి.

"ఆయమ్మ మర్చిపోతేనో? ఆమెకు జరమొస్తేనో?" అని తల్లి ప్రాణం తోడేస్తుంటే భరించలేక, ఆ బటన్ నొక్కితే మెసేజ్ పంపే కోడ్‌ను రోజూ పొద్దున్నే కంప్యూటరే నడిపేలా శనివారం పెట్టేశాడు హరీశ్.

ఫోన్ మోగితే పిండి చేత్తోనే చూసింది సుజాత. "పూజ బస్సు ఎక్కింది. ఎక్కించినవారు: హరీశ్."

మంచం ఖాళీగా ఉంది. కొడుకు ఫోన్ మాత్రం చార్జింగ్‌లో ఉంది.

"అయిపాయె. పిల్లను తీస్కపోయిండు," అని కూలబడింది. పూజ ఎవరో, ఆమెకు అన్నదమ్ములెందరో, వాళ్ల చేతుల్లో ఏమున్నాయో.

అంతలో పక్కింటి సుమలత పరుగున వచ్చింది. "అక్కా, మా అనితను మీ హరీశ్ బస్సెక్కిచ్చిండంట. పిల్ల ట్యూషన్‌కని పోయింది."

అనితది మూడో తరగతి. లేచిపోవడం కాదన్నమాట, ఎత్తుకుపోవడం.

వెనకే తండా నుంచి సోమ్లా దిగాడు. "నా ప్రేమ్‌సింగ్ క్రికెట్‌కు పోయిండు. వాన్ని గూడ ఎక్కిచ్చిండట. ఏడున్నడమ్మా నీ కొడుకు?"

మెసేజ్ అందిన తల్లిదండ్రులందరూ బడి మీద పడ్డారు. తాళం వేసిన గేటు లోపల బస్సు ఖాళీగా నిలబడి ఉంది. జగపతి వచ్చాడు. మంగలి షాపు నుంచి సగం గడ్డంతో హరీశ్‌నూ లాక్కొచ్చారు.

"ఆయమ్మకైతే ఆదివారమని తెలుస్తది, కంప్యూటర్‌కు తెల్వదు," అన్నాడు హరీశ్. "ఎవరు నొక్కుతున్నరని ఆ కోడ్ అడుగుతది. నొక్కే మనిషి లేడు గదా, నా పేరు పెట్టిన."

"మనిషి లేని కాడ నీ పేరెందుకు పెట్టినవు బిడ్డా?" అంది సుజాత. హరీశ్ సగం గడ్డం గోక్కున్నాడు.

మహబూబాబాద్ పని పోయిందని అందరూ అనుకున్నారు. జగపతి మాత్రం జనాన్ని కళ్లారా చూసుకుంటున్నాడు. "ఏడాది సంది తల్లిదండ్రుల మీటింగ్ పెడితే ఒక్కలు రాలే. ఇయ్యాల అందరొచ్చిన్రు. హరీశ్, నువ్వు రేపే మహబూబాబాద్ పో." పిల్లలందరూ ఎక్కడివాళ్లక్కడే ఉన్నారని తేలగానే అక్కడే మీటింగూ కానిచ్చేశాడు.

ఇంటిదారిలో సుజాత గొంతు తగ్గించింది. "ఇంతకీ పూజ ఎవలురా?"

"ఎవ్వలు లేరమ్మా. మెసేజ్ పోతున్నదా లేదా చూద్దామని నీ నంబర్‌కు పెట్టిన ఉత్త పేరు."

పొద్దున్నుంచీ కొడుకు లేచిపోయాడని వణికిన సుజాతకు, వీడు ఎప్పటికీ లేచిపోడేమోనన్న భయం పట్టుకుంది.