హాంగ్‌జౌ సరస్సు, నా ఏకాంతం, ఒక రోమింగ్ ప్యాకు

ఒంటరిగా ప్రయాణం చేయాలనుకునేవాళ్లు ముందుగా ఫోన్ చార్జింగ్ పెట్టుకోవాలి. ఫోన్ లేకుండా ఏకాంతం సాధ్యం కాదు. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. చైనా దాకా పోయి, అనుభవించి వచ్చి చెబుతున్నాను.

నేను ప్రొద్దుటూరులో బట్టల అంగడి నడిపేవాణ్ని. అంగట్లో కూర్చుని ఇంటికి, ఇంట్లో కూర్చుని అంగడికి ఫోన్ చేయడం నా దినచర్య. కూర ఏం చేశావు? మోటరు ఆపావా? ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు? ఇదంతా ప్రేమ కాక మరేమిటి? మా ఆవిడ గాయత్రి మాత్రం ఒకరోజు చపాతీలు కాలుస్తూ ఒక మాట అనేసింది.

"మీరు ఒక్కరే ఒక పూట గూడా ఉండలేరు. కావాలంటే రాసిస్తా."

మగవాడికి ఇంతకన్నా అవమానం ఉంటుందా? మూడు రోజులు ఒంటరిగా ఉండి చూపిస్తానని అక్కడికక్కడే పంతం పట్టాను. తిరుపతికి పోదామంటే సగం ప్రొద్దుటూరు అక్కడే ఉంటుంది. మిగతా సగం బెంగళూరులో ఉంటుంది. అందుకే చైనాలో హాంగ్‌జౌ అనే ఊరు ఎంచుకున్నాను. పట్టుకు పేరున్న ఊరు, పక్కనే పెద్ద సరస్సు, తెలుగు మాట వినపడే ప్రమాదం తక్కువ. పోయేముందు రోమింగ్ ప్యాకు వేయించుకోవడం మరిచిపోలేదు.

మొదటి ఉదయమే సరస్సు ఒడ్డుకు చేరాను. ఏం చెప్పమంటారు! కడప జిల్లావాడు అన్ని నీళ్లు ఒకేచోట, అదీ ఎవరూ కొట్లాడుకోకుండా ఉండగా చూడటం మామూలు విషయమా? పలచటి మంచు, నీళ్ల మీదికి వంగిన చెట్లు, చప్పుడు లేకుండా కదిలే పడవలు. గుండె నిండిపోయింది. ఇంత ఒంటరిగా ఉన్నానని ఎవరికైనా చెప్పకపోతే ఎలా? గాయత్రికి వీడియో కాల్ చేశాను. చైనాలో పొద్దెక్కినా మనకింకా తెల్లారదన్న సంగతి నాకు తట్టలేదు.

చీకట్లో ఆమె మొహం కనపడలేదు, గొంతు మాత్రం వినపడింది.

"ఏమయింది? పాస్‌పోర్టు పోయిందా?"

"నీళ్లు చూడు గాయత్రీ, ఎంత ప్రశాంతంగా ఉండాయో."

"చూసినా. ఇంక పెట్టేయండి."

పెట్టేస్తే ఆమెకు ఏకాంతం విలువ ఎలా తెలుస్తుంది? వంతెన చూపించాను, పడవ చూపించాను, ఈదుతున్న బాతును చూపించాను. టిఫిన్‌కు ఒకసారి, భోజనానికి ఒకసారి, మధ్యలో గ్యాస్ సిలిండర్ వచ్చిందో లేదోనని ఇంకోసారి చేశాను. సరస్సును కూడా అప్పుడప్పుడు ఫోన్‌లో నా భుజం వెనకాల కనిపించినప్పుడు చూసుకున్నాను.

మరుసటి రోజు పట్టు అంగడికి పోయాను. మా వ్యాపారంలో పట్టును నోటిమాట మీద నమ్మరు. అంచున ఒక పోగు లాగి, కాల్చి, వాసన చూస్తారు. వెంట్రుక కాలిన వాసన వస్తే అసలుది. నేనూ అలవాటు కొద్దీ ఒక స్కార్ఫ్ కొస పోగు లాగి, బయట ఎవరినో అడిగి తెచ్చుకున్న లైటర్ వెలిగించాను. అద్దాల షోరూములో, పట్టు గుట్టల నడుమ! సేల్స్ అమ్మాయి కేక పెట్టింది. సెక్యూరిటీ ఆయన మంటలార్పే ఎర్ర సిలిండర్ ఎత్తుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆ కష్టకాలంలో నాకు తోడున్నది ఎవరు? ఫోన్ లైన్‌లో ఉన్న మా అంగడి టైలర్ చాంద్ బాషా.

"ఎంటికలు కాలిన వాసన వస్తాందా శెట్టీ?"

"వస్తాంది బాషా."

"అయితే అసలు పట్టే. తీసుకో."

తీసుకోక తప్పలేదు. ఆ స్కార్ఫ్ కొనేదాకా వాళ్లు నన్ను గడప దాటనివ్వలేదు.

మూడోరోజు పొద్దున్నే ప్యాకు అయిపోయింది. బెంచీ మీద కూర్చున్నాను. ఎదురుగా అదే సరస్సు, అవే చెట్లు. నాకు మాత్రం మా ఇల్లే కనిపించింది. నా ఫోన్ రాక గాయత్రి ఎంత అల్లాడిపోతోందో, ఎవరెవరిని అడుగుతోందో! ఏడుపొచ్చినంత పనయింది. పంతం సంగతి దేవుడెరుగు, సాయంత్రం విమానం ఎప్పుడెక్కుదామా అని కూర్చున్నాను.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే అడిగాను.

"ఆ రోజంతా ఫోన్ రాకపోయేసరికి శానా భయపడినావా?"

"లేదే. గండికోటకు పోయినా."

"ఎవురితో?"

"ఒక్కదాన్నే. ఆడోళ్లకు బస్సు ఫ్రీ గదా. జమ్మలమడుగులో దిగి ఆటో ఎక్కినా. కోట అంచున కూర్చోని పొద్దు గూకేదాకా పెన్న చూసినా. శానా బాగుండాది."

ఆమె మొహం చూశాను. నిద్ర తీరి, తేటగా ఉంది. అంత తేటగా ఉండటం నేనెప్పుడు చూశానో గుర్తు రాలేదు.

"ఇన్నేండ్లుగా ఈడే ఉండాం, ఒక్కసారి గూడా పోలేదే?"

"మీరు ఊళ్లో ఉంటిరి గదా" అంటూ మంచినీళ్ల చెంబు నా చేతికిచ్చింది. తర్వాత, ఎన్నడూ లేనంత ప్రేమగా అడిగింది.

"చైనాలో ఇంకా శానా ఊర్లు ఉండాయంట గదా. మళ్లెప్పుడు పోతారు?"